వస్తే వస్తది, లేకుంటే రాదు: ఏడో తరగతి పిల్లకు సంభావ్యత ఎట్లా చెప్పాలి?

కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. పాప ఏడో తరగతి, ఇంగ్లీష్ మీడియం. స్కూల్లో ప్రాబబిలిటీ మొదలుపెట్టారు. "ఫేవరబుల్ బై టోటల్" (కావాల్సినవి పైన, మొత్తం కింద) అని సూత్రం గడగడా అప్పజెబుతుంది, హోంవర్కు లెక్కలూ చేసేస్తుంది. కానీ ఊరికే మాటల్లో "పాచిక వేస్తే ఆరు పడే ఛాన్స్ ఎంత?" అని అడిగితే "పడితే పడ్తది, లేకుంటే లేదు, సగం సగం" అంటుంది. తాను తెలుగు మీడియంలో చదివానని, ఇంట్లో ఎట్లా చెప్పాలో తోచడం లేదని ఆ అమ్మ రాశారు. పేకముక్కల లెక్కలు కూడా ఉన్నాయట. ఇంట్లో పేక లేదు, కొనడం ఇష్టమూ లేదు.

అమ్మా, మీ పాప అన్నది తెలివితక్కువ మాట కాదు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పినన్నాళ్లూ ఏ బ్యాచిలోనైనా ఎవరో ఒకరు ఈ మాట అన్నారు. వెనక బెంచీ వాళ్లే కాదు, ఫస్ట్ ర్యాంకు వాళ్లూ అన్నారు. ఆ పిల్ల ఏం చేస్తోందో చూడండి. జరగబోయేదాన్ని రెండు కుప్పలు పోసింది: ఆరు పడటం ఒక కుప్ప, పడకపోవడం ఇంకో కుప్ప. రెండింట్లో తనకు కావాల్సింది ఒకటి, కాబట్టి 1/2. అంటే స్కూల్లో చెప్పిన సూత్రాన్ని పొల్లుపోకుండా వాడింది! పైన ఒకటి, కింద రెండు. సూత్రం రాకపోవడం ఇక్కడ ఇబ్బంది కాదు. సూత్రం పట్టుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఆమె చేత ఎవరూ వేయించలేదు: కింద లెక్కపెట్టినవన్నీ సమానంగా వచ్చేవేనా?

పుస్తకంలో దీనికి "సమసంభవ ఘటనలు" అని పేరు పెట్టి, రెండు లైన్ల నిర్వచనం ఇచ్చి, గబగబా సూత్రంలోకి వెళ్లిపోతారు. నన్నడిగితే పాఠం మొత్తం ఆ రెండు లైన్లలోనే ఉంది. మిగతాది భిన్నాల పని, అది మీ పాపకు ఎట్లాగూ వచ్చు. కాబట్టి ఓ వారం పది రోజులు సూత్రాన్ని పక్కన పెట్టేయండి. పరీక్ష దగ్గరపడిందని కంగారు పడకండి, ఇది కుదిరితే లెక్కలు వాటంతట అవే వస్తాయి.

మొదటి పని రోడ్డు మీద చేయించండి. మన హైదరాబాద్‌లో తిరిగే బండ్ల నంబర్ ప్లేట్లు చూడండి. 2014 జూన్‌లో రాష్ట్రం ఏర్పడక ముందు రిజిస్టరైనవి ఏపీ, ఆ తర్వాతవి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. పక్క రాష్ట్రాల బండ్లను వదిలేద్దాం. బాల్కనీలో నిలబడి "ఇప్పుడొచ్చే బైకు టీజీ అయ్యే ఛాన్స్ ఎంత?" అని అడగండి. మూడు రకాలున్నాయి కాబట్టి మూడింట ఒకటి అంటుంది. సరే అనండి, తప్పని మాత్రం అనొద్దు. నోట్‌బుక్కులో మూడు గడులు గీసి వంద బైకులకు గీతలు పెట్టమనండి, నాలుగు నిలువు గీతలకు అడ్డంగా ఐదోది, అన్నీ మనం గీసినట్టే. వంద అయ్యాక గడులు సమానంగా నిండవని ఆమే చూస్తుంది. నేను అంకెలు చెప్పను, ఎందుకంటే మీ వీధిలో వచ్చే అంకె వేరు, మా వీధిలో వచ్చేది వేరు. రకాలు మూడే అయినా వాటి వాటాలు మూడు సమాన భాగాలు కావని ఆమె చేతి గీతలే చెబుతాయి.

అదే పేజీ వెనకాల ఇంకో పట్టిక గీయించండి. నంబరులో చివరి అంకె ఏది? సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు. ఇక్కడ ఒక్కోదానికి పదింట ఒకటి అనడం న్యాయమే అనిపిస్తుంది, ఎందుకంటే నంబర్లు వరసగా ఇస్తూ పోతారు, ఏ అంకె మీదా ఆర్టీఏ వాళ్లకు ప్రత్యేకమైన ప్రేమ లేదు. కానీ మనవాళ్లకు ఉంది గదా! తొమ్మిది కోసం, కూడితే తొమ్మిది వచ్చే నంబరు కోసం వేలం పాడి లక్షలు పోసేవాళ్లున్న ఊరు మనది. మరి తొమ్మిదితో ముగిసేవి కొంచెం ఎక్కువ కనిపిస్తాయా? కార్లలో ఎక్కువా, బైకుల్లో ఎక్కువా? ఈ ప్రశ్న వేస్తే పాప మిమ్మల్ని సిగ్నల్ దగ్గర కూడా వదలదు. సమానమేనా అని అనుమానించడం అలవాటవుతుంది, మనకు కావాల్సింది అదే.

ఇక నాణేలు. ఒక నాణెంతో ఆడించడం వల్ల పెద్దగా లాభం లేదు, రెండు తీయండి. ఇంట్లో ముగ్గురు కూర్చోండి. రెండు నాణేలూ కలిపి ఎగరేస్తే మూడు రకాలుగా పడొచ్చు: రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు. ముగ్గురూ తలా ఒకటి ఎంచుకోండి. ఎవరిది పడితే వాళ్లకు ఒక పాయింటు, మొత్తం నలభైసార్లు ఎగరేయాలి. పాపను ముందు ఎంచుకోనివ్వండి. చాలామంది పిల్లలు "రెండూ బొమ్మలు" ఎంచుకుంటారు, వినడానికి అదే గొప్పగా ఉంటుంది. మీరు కిక్కురుమనకుండా "ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు" తీసుకోండి. నలభైలో ఇరవై దరిదాపుల్లో మీకే పడతాయి, మిగతా ఇద్దరికీ పదీ పదీ. "అమ్మ మోసం" అని అరుస్తుంది. అదే మంచి సమయం.

ఇప్పుడు ఒకటి రూపాయి బిళ్ల, ఇంకోటి ఐదు రూపాయల బిళ్ల తీసుకుని ఎన్ని రకాలుగా పడొచ్చో రాయించండి. రూపాయి బొమ్మ, ఐదు బొమ్మ. రూపాయి బొమ్మ, ఐదు బొరుసు. రూపాయి బొరుసు, ఐదు బొమ్మ. రూపాయి బొరుసు, ఐదు బొరుసు. నాలుగు వరసలు వచ్చాయి. మీరు ఎంచుకున్నది అందులో రెండు వరసల్లో ఉంది, అంటే నాలుగింట రెండు. తెలివైన పిల్లయితే వెంటనే అడ్డం తిరుగుతుంది: "రెండూ రూపాయి బిళ్లలే అయితే? అప్పుడు మూడు రకాలే గదా?" ఇట్లా అడిగితే సంతోషించండి. ఒక రూపాయి మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, అప్పుడు మళ్లీ నాలుగు అవుతాయా అని అడగండి. చుక్క పెట్టినంత మాత్రాన నాణెం పడే తీరు మారుతుందా? మారదు. చుక్క మన కంటి కోసం. మనం పోల్చుకోలేకపోయినా నాణేలు రెండే, అవి పడే దారులు నాలుగే.

ఈ చోట తడబడింది పిల్లలొక్కరే కాదు. 1754లో ఫ్రాన్స్‌లో దాలెంబేర్ అనే మహా గణితవేత్త, అప్పటి ఫ్రెంచి విజ్ఞానసర్వస్వంలో నాణెం గురించి రాస్తూ, రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే అవకాశం 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయింది, అది ఒకటి. బొరుసు తర్వాత బొమ్మ, అది రెండు. రెండూ బొరుసులు, అది మూడు. మూడింట రెండు తనవి అనుకున్నాడు. నిజానికి అది 3/4. మొదటిసారే బొమ్మ పడటమన్న ఒక్కదానిలో రెండు దారులు దాగి ఉన్నాయి, దాన్ని మిగతావాటితో సమానంగా ఒకటిగా లెక్కేశాడు. మీ పాప పాచికను రెండు కుప్పలు పోయడమూ ఇదే. కథ చెప్పండి, సంబరపడుతుంది.

రెండు పాచికలు ఉంటే గుర్రప్పందెం పెట్టండి. ఒక అట్ట మీద 1 నుంచి 12 దాకా పన్నెండు గుర్రాలు. రెండు పాచికలు వేసి కూడితే వచ్చిన నంబరు గుర్రం ఒక గడి ముందుకు జరుగుతుంది. పది గడులు దాటినది గెలిచినట్టు. ఒకటో నంబరు గుర్రాన్ని ఎవరైనా ఎంచుకుంటే మాట్లాడకండి, కాసేపటికి వాళ్లకే వెలుగుతుంది. సంభావ్యత సున్నా అంటే ఏమిటో ఆ గుర్రం కంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఏడో గుర్రం ఎందుకు పరిగెడుతుందో 36 గడుల పట్టిక గీస్తే తెలుస్తుంది: ఏడు ఆరు విధాలుగా వస్తుంది, రెండూ పన్నెండూ ఒక్కో విధంగానే వస్తాయి. మూడు పాచికలకు వెళ్లొద్దు, ఆ లెక్క గెలీలియో అంతటివాడు కూర్చుని 216 రకాలూ రాసి తేల్చింది. మొత్తం తొమ్మిది కంటే పది ఎందుకు కొంచెం ఎక్కువగా పడుతుందని జూదరులు అడిగితే 25కు 27 అని చూపించాడు. ఆ రెండింటి తేడాను ఆటలో పసిగట్టారంటే ఆ జూదరులు ఎంతసేపు ఆడి ఉంటారో!

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం అష్టాచెమ్మా. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే ఆమెనే టీచరుగా కూర్చోబెట్టండి. ఐదు గళ్ల పటం సుద్దముక్కతో గీసి, నాలుగు గవ్వలు వేస్తారు. గవ్వలు లేకపోతే చింతగింజల్ని గరుకు బండ మీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీస్తారు. నోరు పైకి చూసేవి ఎన్నయితే అంత పందెం. నాలుగూ పైకి చూస్తే చెమ్మ, అంటే నాలుగు. ఒక్కటీ చూడకపోతే అష్ట, ఎనిమిది. ఈ రెండింటిలో ఏది పడినా ఇంకోసారి వేసే హక్కు ఉంటుంది. ఇంటింటికీ నియమాల్లో చిన్న చిన్న తేడాలుంటాయి, మీ ఇంటి నియమమే పెట్టుకోండి.

ముందు గవ్వల బదులు నాలుగు రూపాయి బిళ్లలతో ఆడించండి. నాలుగు నాణేలు ఎన్ని రకాలుగా పడతాయో వరసగా, ఒక్కటీ జారిపోకుండా రాయాలి. పిల్లలు ఇక్కడే తికమక పడతారు, రాసిందే రాస్తారు, కొన్ని మర్చిపోతారు. తెలుగు క్లాసులో గురులఘువులు నేర్చుకుని ఉంటే పని సులువు. నాలుగక్షరాలకు గురువులూ లఘువులూ ఎన్ని రకాలుగా అమరుతాయో ఛందస్సు వాళ్లు ఏనాడో ఒక పద్ధతిలో రాసిపెట్టారు, దాన్ని ప్రస్తారం అంటారు. మొదట నాలుగూ గురువులు, చివర నాలుగూ లఘువులు. గురువు చోట బొమ్మ, లఘువు చోట బొరుసు రాసుకుంటే చాలు, 16 వరసలు వస్తాయి. వాటిలో బొమ్మ లేనిది ఒకటి, ఒకటే బొమ్మ ఉన్నవి నాలుగు, రెండున్నవి ఆరు, మూడున్నవి నాలుగు, నాలుగున్నది ఒకటి. 1, 4, 6, 4, 1. ఈ అంకెల్ని పేర్చే త్రికోణాన్ని పింగళుడి ఛందశ్శాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు పదో శతాబ్దంలో మేరుప్రస్తారం పేరుతో వివరించాడు. స్కూల్లో పెద్ద తరగతికి వచ్చాక పాస్కల్ త్రిభుజం అని మళ్లీ ఎదురవుతుంది.

సరే, ఆటలోకి వద్దాం. నాణేలతో ఆడితే అష్ట పడే అవకాశం 16లో ఒకటి, చెమ్మా అంతే. రెండిట్లో ఏదో ఒకటి పడే అవకాశం 2/16. రెండు పడటం 6/16, అందుకే ఆటలో కాయలు రెండేసి గళ్లు నడుస్తూ విసిగిస్తాయి. ఇప్పుడు నాణేలు తీసేసి గవ్వలు ఇవ్వండి, అసలు ప్రశ్న వేయండి: ఈ లెక్క గవ్వకు చెల్లుతుందా?

చెల్లదు. గవ్వకు ఒకవైపు ఉబ్బెత్తు, ఒకవైపు నోరు. చింతగింజకూ అరగదీసినవైపు చదును, రెండోవైపు గుండ్రన. రెండు రకాలుగా పడుతుంది కాబట్టి సగం సగం అనడానికి లేదు. మరి ఎంత? పుస్తకంలో లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఒక గవ్వ తీసుకుని వందసార్లు వేసి లెక్కపెట్టాలి. ఉదాహరణకు వందలో 40సార్లు నోరు పైకి పడిందనుకోండి. అప్పుడు ఆ గవ్వకు 2/5 అని ప్రస్తుతానికి రాసుకుంటాం. ఇంకో గవ్వకు ఇంకో అంకె రావచ్చు. పై తరగతి అన్నయ్యో అక్కయ్యో ఉంటే తర్వాతి మెట్టు చేయించండి: నాలుగు గవ్వలూ అట్లాంటివే అయితే నాలుగూ పైకి పడటం 16/625, నాలుగూ బోర్లా పడటం 81/625. నాణేలతో అష్టా చెమ్మా సమానం, ఈ గవ్వలతో అష్ట చెమ్మకు ఐదింతలు! అష్టకు ఎనిమిది, చెమ్మకు నాలుగు అని విలువ కట్టిన పూర్వులు ఏ గవ్వలతో ఆడారో అని నాకెప్పుడూ ఒక కుతూహలం.

ఇక్కడ పాపకు రెండు రకాల లెక్కలు పరిచయమయ్యాయి. నాణెం, పాచికల విషయంలో చూడగానే సమానమని ఒప్పుకుని లెక్క కట్టాం. గవ్వ విషయంలో వేసి చూసి లెక్క కట్టాం. స్కూలు పుస్తకం రెండోదాన్ని ప్రయోగాత్మక సంభావ్యత అని ఒక అభ్యాసంలో పెట్టి వదిలేస్తుంది. బతుకులో మనకు ఎక్కువగా అక్కరకొచ్చేది మాత్రం అదే. మందు పనిచేస్తుందా, బల్బు ఎన్నాళ్లు వెలుగుతుంది, ఎన్నికల్లో ఎవరు గెలుస్తారు, అన్నీ గవ్వ లెక్కలే. కొంత చూసి మొత్తం చెప్పే విద్య, దాన్నే స్టాటిస్టిక్స్ అంటారు. నలదమయంతుల కథలో ఋతుపర్ణుడనే రాజు తాండ్రచెట్టు కొమ్మను రథం మీంచి ఒకసారి చూసి చెట్టు మొత్తం ఆకులూ కాయలూ చెప్పేస్తాడే, నలుడు దిగి లెక్కపెడితే సరిపోతాయి. అదే మనిషికి పాచికల మర్మమూ తెలుసని కథలో ఉండటం నాకు ఊరికే అనిపించదు. గచ్చిబౌలి వైపు వెళ్తే సి.ఆర్.రావు పేరున్న రోడ్డు, సెంట్రల్ యూనివర్సిటీలో ఆయన పేరున్న గణిత సంస్థ కనిపిస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి ఈ విద్యలో ప్రపంచం గుర్తించిన తెలుగువాడు, 2023లో 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్నాడు. పాపకు ఆ రోడ్డు పేరు ఎవరిదో చెప్పండి.

వందసార్లు వేస్తే ఖచ్చితంగా యాభై బొమ్మలు రావాలని పిల్లలు పట్టుబడతారు. 47 వస్తే నాణెం చెడిపోయిందంటారు. పెద్దవాళ్లు చేసిన ప్రయోగాలు చూపించండి. ఫ్రెంచి శాస్త్రవేత్త బుఫాన్ 4,040సార్లు ఎగరేస్తే 2,048 బొమ్మలు, అంటే 0.507. రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న జాన్ కెరిచ్ అనే గణితవేత్త వేరే పనిలేక 10,000సార్లు ఎగరేస్తే 5,067. ఇంగ్లండ్ గణితవేత్త కార్ల్ పియర్సన్ 24,000సార్లు ఎగరేస్తే 12,012, అంటే 0.5005. ఒక్కరికీ సరిగ్గా సగం రాలేదు, అందరికీ సగం పక్కనే వచ్చింది. వాటా సగానికి దగ్గరవుతుంది, సరిగ్గా సగం పడుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు.

దీన్నే తిరగేస్తే ఇంకో చిక్కు. క్రికెట్ చూసే ఇల్లయితే ఈ ఉదాహరణకు తిరుగులేదు. 2023 నవంబర్‌లో అహ్మదాబాద్ ప్రపంచకప్ ఫైనల్‌తో మొదలుపెట్టి మనవాళ్లు వన్డేల్లో వరసగా 20 టాస్‌లు ఓడిపోయారు. 2025 డిసెంబర్‌లో విశాఖపట్నంలో గాని గెలవలేదు. ఇప్పుడు చూడబోయే 20 టాస్‌లూ ఓడిపోయే అవకాశం 10,48,576లో ఒకటి. మరి 21వ టాస్ ముందు పాపను అడిగితే "ఇప్పుడు గెలవాల్సిందే" అనేది. కాదు, సగమే. జరిగిపోయిన ఇరవై సంగతి నాణేనికి తెలియదు. పియర్సన్ లెక్క సగానికి దగ్గరైంది నాణెం పాత బాకీ తీర్చినందువల్ల కాదు, తర్వాత పడిన వేల సార్ల కింద మొదటి తేడా చిన్నదైపోయినందువల్ల. ఈ ఒక్క పొరపాటు మన ఇళ్లలో ఎంత ఖరీదు కట్టించిందో మీకు చెప్పక్కర్లేదు. "ముగ్గురూ ఆడపిల్లలే, ఈసారి తప్పకుండా మగపిల్లాడే" అన్న మాట మీరూ వినే ఉంటారు.

"కనీసం ఒకటి" అన్న మాట లెక్కలో కనబడితే ఎదురుగా వెళ్లొద్దు, చుట్టు తిరిగి వెళ్లమనండి. వైకుంఠపాళిలో ఒకటి పడితేనే కాయ లోపలికి వస్తుందనుకోండి. "ఆరుసార్లు వేశాను, ఒక్కసారన్నా పడాలి గదా" అని ఏడుపు మొహం పెడతారు. ఒక్కసారి వేస్తే ఒకటి పడకపోయే అవకాశం 5/6. ఆరుసార్లూ పడకపోవడం అంటే 5/6ను ఆరుసార్లు గుణించాలి, 15,625/46,656, మూడింట ఒకటి కంటే కాస్త ఎక్కువ. అంటే ముగ్గురు పిల్లలు ఆడితే ఒకరు ఆరు చేతులు వేసినా బయటే కూర్చోవడం మామూలే. మొత్తం 1 లోంచి జరగనిదాన్ని తీసేస్తే జరిగేది వస్తుంది, దాన్నే పూరక ఘటన అంటారు, అంతకంటే అందులో ఏమీ లేదు.

ఇదే దారిలో స్కూల్లో పందెం గెలిచే లెక్క ఒకటుంది. 40 మంది ఉన్న సెక్షన్లో ఏ ఇద్దరిదైనా ఒకే రోజు పుట్టినరోజు అయ్యే అవకాశం 89 శాతం. 365 రోజుల్లో 40 మందే కదా అని పిల్లలు నమ్మరు, కానీ 40 మందిలో జతలు 780. ఎవరి పుట్టినరోజుతో కలవాలో ముందే చెప్పలేదు, ఏ జత కలిసినా చాలు. పాప చేత సెక్షన్ మొత్తం తేదీలు సేకరింపజేయండి, పక్క సెక్షన్‌వి కూడా. అయితే 365 రోజులూ సమానమేనా? మా తరం వాళ్ల సర్టిఫికెట్లు చూస్తే సగం ఊరు జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటుంది, బడిలో చేర్చుకున్న రోజు హెడ్‌మాస్టరు వేసిన తేదీలవి! అట్లా ఒకచోట పోగుపడితే ఒకే తేదీ కలిసే అవకాశం ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు.

చీటీలు తీసేటప్పుడు ముందు తీసినవాళ్లకే లాభమని పెద్దవాళ్లూ తగవు పడతారు, మీ అపార్ట్‌మెంట్‌లో నెలనెలా చిట్టీ ఉంటే చూసే ఉంటారు. మూడు చీటీలు చేయండి, ఒకదాని మీద చుక్క. అమ్మ, పాప, నాన్న వరసగా తలా ఒకటి తీయాలి, అందరూ తీశాకే విప్పాలి. చుక్క మొదటి చేతికి రావచ్చు, రెండో చేతికి, మూడో చేతికి. చీటీ ఏ చేతికి వెళ్లాలో చీటీకి ఇష్టాయిష్టాలు లేవు, మూడూ సమానం, ముగ్గురికీ 1/3. కానీ ఒక్కొక్కరు తీయగానే విప్పేస్తే? అమ్మ విప్పింది, చుక్క లేదు. అప్పుడు పాపకు 1/2 అయింది. వరస మారలేదు, మనకు తెలిసింది మారింది. ఇది ఏడో తరగతికి కాస్త బరువే, అయినా చేతిలో చీటీలుంటే పిల్లలు పట్టేస్తారు. కాగితం మీద చెబితే పట్టుకోరు.

వాతావరణ సూచనలో 30 శాతం వాన అని కనబడితే పాప తప్పకుండా అడుగుతుంది. ఊళ్లో 30 శాతం చోట్ల పడుతుందనీ కాదు, రోజులో 30 శాతం సేపు పడుతుందనీ కాదు. మీ ప్రాంతానికి అట్లా చెప్పిన రోజులు పది తీస్తే సుమారు మూడు రోజులు తడిసి ఉండాలి. గొడుగు తీసుకెళ్లాలా అన్నది సంభావ్యత చెప్పదు, యూనిఫాం ఒకటే జత ఉందా రెండున్నాయా అన్నది చూసుకోవాలి.

ఇక హోంవర్కులోకి వెళ్లేటప్పుడు ఒక్క విషయంలో స్కూలుకు ఎదురు చెబుతున్నాను. భిన్నాన్ని వెంటనే కుదించమని పాపతో అనకండి. 6/16 అని రాస్తే అందులో పదహారు వరసలూ ఆరు వరసలూ కనిపిస్తాయి. 3/8 అనగానే అవి మాయమవుతాయి. ముందు 6/16 రాసి, ఆ 16 ఏమిటి, ఆ 6 ఏమిటి అని నోటితో చెప్పనివ్వండి. చెప్పాక కింద లైన్లో కుదించుకోవచ్చు. మార్కులు పోవు. జవాబు ఒకటి కంటే పెద్దదైతే, లేదా మైనస్ వస్తే, టీచరు చూడకముందే తనే చెరిపేసుకోవాలని మాత్రం నేర్పండి.

పేకముక్కల సంగతి. కొనక్కర్లేదు. పాత క్యాలెండరు కాగితాలు 52 ముక్కలు చేసి రాయించండి. నాలుగు రకాలు: ఆఠీను, డైమను ఎర్రవి, ఇస్పేటు, కళావరు నల్లవి. ఒక్కోదానిలో 13: ఆసు, రెండు నుంచి పది దాకా, జాకీ, రాణి, రాజు. రాయడంలోనే సగం పాఠం వచ్చేస్తుంది, 52 ముక్కలూ ఒకే సైజులో కత్తిరించకపోతే కళ్లు మూసుకున్నా పెద్ద ముక్క చేతికి తగులుతుందని ఆమే కనిపెడుతుంది. అప్పుడు "సమానంగా వచ్చేవేనా" అన్న ప్రశ్న మీరు వేయక్కర్లేదు. పరీక్షలో జారేచోట్లు రెండు. బొమ్మ ముక్కలు అంటే జాకీ, రాణి, రాజు మాత్రమే, మొత్తం 12, ఆసు అందులో చేరదు. "రాజు లేదా ఎర్రముక్క" అని అడిగితే 4, 26 కూడి 30 అనేస్తారు, ఎర్ర రాజులిద్దరినీ రెండుసార్లు లెక్కపెట్టినట్టు. ముక్కలు నేల మీద పరిచి ఏరమనండి, 28 వస్తాయి.